బండలంగడి సందర్శక సంఖ్యా సంగ్రామం

శ్రీశైల శిఖరానికి పడమటి దిక్కున, తుంగభద్రా నదికి దక్షిణ తీరాన, బురుజులకూ బస్సులకూ బజ్జీలకూ ప్రసిద్ధి కెక్కిన కర్నూలు మహాపురంలో, పార్థివ నామ సంవత్సరం ముగియవచ్చిన ఫాల్గుణ మాసాన, అనగా క్రీస్తు శకం రెండు వేల ఆరు మార్చి నెలలో, భానుడు తన సహస్ర కిరణాలలో ఒక్కదాన్నైనా వేరే జిల్లాకు మిగల్చకుండా అన్నింటినీ ఇక్కడే గుమ్మరిస్తుండగా, నదిలో నీరు సన్నగిల్లి ఇసుక బలిసి ఉండగా, ఒక మహాసంగ్రామం జరిగింది. ఆ రణరంగంలో రథ గజ తురగాలు కనబడలేదు. ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, ఒక వైశ్య కుటుంబం కనబడ్డాయి. నెత్తురు చుక్కైనా చిందలేదు. చిందినదల్లా ఒక చెంబెడు మజ్జిగ. అయినా వీరులు వీరులే, ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే. కనుక చెప్తాను, చెవులు ఇటు పెట్టండి.

బళ్ళారి చౌరస్తా దాటిన కొంత దూరానికి, ఎండలో నిలువునా వరుసలు తీరి సైన్యంలా నిలబడ్డ నాపబండల నడుమ వెలసింది కేశవులు శెట్టి గారి బండలంగడి. బేతంచెర్ల గనుల గర్భాన జన్మించి, పాలిష్ మిషన్ల కింద తపస్సు చేసి నునుపు దేలి, లారీల మీద ఊరేగి వచ్చిన ఆ నల్లబండలూ పచ్చబండలూ కర్నూలు ఇళ్ళలో తరతరాల అరికాళ్ళను చల్లబరిచాయి. ఆ అంగడికి ఏలిక కేశవులు: శ్వేతవస్త్రధారి, కుంకుమాంకిత ఫాలుడు, బేరసార విశారదుడు, వేలితో ఒక్కసారి తట్టి బండ జాతకం చెప్పగల శిలాహృదయవేత్త. ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మ: పాకశాస్త్ర ప్రవీణ, ధూళికి ఆగర్భశత్రువు. వారి ఏకైక పుత్రుడు రాఘవేంద్రప్రసాద్: సుందరాకారుడు, సత్స్వభావుడు, భార్య ముఖం చిన్నబోతే చూడలేని సుకుమార హృదయుడు, కాకుంటే ఆలోచనకంటే ఒక అడుగు ముందే అతని చేయి కదులుతుంది. ఆ పుత్రుని పత్ని, ఈ గాథకు నాయిక, పద్మప్రియ.

పద్మప్రియ బేతంచెర్ల ఆడబిడ్డ. ఆమె తండ్రి ఓబుళేశు శెట్టికి అక్కడ బండల పాలిష్ మిషన్లున్నాయి. ఆ మిషన్ల హోరునే జోలపాటగా విని పెరిగి, నంద్యాలలో కంప్యూటర్ డిగ్రీ చదివి, కర్నూలుకు కోడలై వచ్చి, అత్తవారి అంగడికి తన రెండు చేతులతో ఒక వెబ్‌సైటు కట్టింది. ఒక్కొక్క బండను ఎండలో నిలబెట్టి, నీళ్ళతో కడిగి, పెళ్ళికూతురికి తీసినంత శ్రద్ధగా ఫొటో తీసి అందులో పెట్టింది.

అటువంటి ప్రశాంత రాజ్యం మీదకు టైల్స్ దండెత్తి వచ్చాయి. అద్దంలా తళతళలాడే ఆ శత్రుసేన ఉత్తర దేశంలో పుట్టి, ఊరూరా ఇళ్ళను ఆక్రమించుకుంటూ కర్నూలు పొలిమేర చేరింది. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళు బండలంగడి ముందే ఆటో దిగి, బండల వంక చూడనైనా చూడకుండా టైల్స్ షాపు ఎక్కడని అడగసాగారు. ఆ సేన తరఫున రాయబారిగా ఒక మధ్యాహ్నం ఏజెంటు జ్ఞానేశ్వర్ విచ్చేశాడు. మెడకు టై బిగించి, చేతి సంచిలో నమూనా టైల్స్ మోసుకుని, నడినెత్తిన సూర్యుణ్ణి కూడా మోసుకుని వచ్చి ఇలా అన్నాడు:

“శెట్టిగారూ, కాలం మారిపోయిందండి. ఉగాదిలోగా మీరు ఊ అంటే డీలర్‌షిప్ మీదే. మీరు వద్దంటే తీసుకునేదానికి ఊర్లో శానామంది ఎదురుచూస్తాండారు.”

కేశవులు చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. బండ మీద మమకారం ఒక వైపు, ఖాళీగా ఉన్న వాకిలి ఒక వైపు ఆయన్ని చెరో చేయీ పట్టి లాగుతున్నాయి. అప్పుడు అంగడి వెనుకే ఉన్న ఇంటి గదిలో కంప్యూటరు ముందు కూర్చున్న కోడలు లేచి వచ్చింది.

“మామా, ఒక్క మాట. మన వెబ్‌సైటు పెట్టి ఇంకా శానా రోజులు కాలేదు. దాంట్లో మన బండలు చూసి జనం వస్తారు. అప్పుడే టైల్స్‌కు మాట ఇయ్యొద్దండి.”

ఆ మాటకు శిలాహృదయవేత్త గళం సవరించుకుని, అంగడి అంతా వినబడేలా పలికాడు:

“అమ్మా పద్మా! నువ్వు పెట్టిన వెబ్‌సైటు బాగుండాది. దాంట్లో బండలు నిజం బండలకంటే నున్నగా ఉండాయి. నేను కాదనను. కానీ ఈ అంగడికి ఎవురొస్తారో ఎవురు పోతారో నాకు కండ్ల ముందర కనపడతాది. నీ వెబ్‌సైటుకు ఎవురొస్తాండారో ఎవురికి తెలుసు? చీకటింట్లో అంగడి పెట్టి కూర్చున్నట్ల ఉండాది. వచ్చినోళ్ళను లెక్కబెట్టి నాకు చూపించు. జనం మన బండలు చూస్తాండారంటే ఈయప్పకు టీ తాపి పంపిచ్చేస్తా. ఎవురూ చూస్తా లేరంటే, నువ్వు బాధపడగూడదు, నేనూ బాధపడను. ఉగాదికి టైల్స్ దించుకుంటాము.”

ఆ క్షణాన పద్మప్రియ కళ్ళ ముందు తండ్రి మిషన్లు మెదిలాయి. ఓబుళేశు బండల్లో ముక్కాలు భాగం దిగేది ఈ అంగడిలోనే. ఇక్కడ టైల్స్ దిగితే అక్కడ మిషన్లు ఆగుతాయి. ఆ సంగతి మామగారికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరూ పైకి అనరు. చీర కొంగు నడుముకు దోపి, సింహమధ్యమ అయిన ఆ కోమలి ప్రతిజ్ఞ పలికింది:

“ఉగాదిలోగా లెక్క చూపిస్తా మామా. ఒప్పుకునేటట్ల చూపిస్తా.”

ఆ భీషణ ప్రతిజ్ఞకు దిక్కులు పిక్కటిల్లాలి, దుందుభులు మోగాలి. దానికి బదులు కరెంటు పోయింది. లోపల కంప్యూటరుకు కట్టిన బ్యాటరీ పెట్టె మాత్రం కీచుకీచుమని శంఖం పూరించింది.

కరెంటు రాగానే దంపతులిద్దరూ ఆయుధాన్వేషణకు కూర్చున్నారు. సందర్శకులను లెక్కించే అస్త్రాలు ఇంటర్నెట్టులో అడవిలా పెరిగి ఉన్నాయి, అందులోనూ ఊరికే ఇచ్చేవి కొల్లలు. వెబ్‌సైటు అడుగున ఆటో మీటరులాగా అతికించుకునే అంకెల పెట్టెలు అవి. దొర్లే అంకెలు, మిణుకు మిణుకుమనే అంకెలు, మంటలు కక్కే అంకెలు. మంటలు చూడగానే రాఘవేంద్రప్రసాద్ లోని వీరరసం పొంగింది.

“ఇది పెట్టు పద్మా! నిప్పులు వస్తాండాయి చూడు. టైల్సోళ్ళు చూస్తేనే దడుసుకోవల్ల.”

“నిప్పులొద్దండీ. మనం అమ్మేది చల్లటి బండలు,” అని ఆమె నల్లటి సాదా అంకెలు ఎంచుకుంది.

ఆ పెట్టె వారిని ఒక ప్రశ్న అడిగింది: లెక్క ఏ అంకె నుంచి మొదలుపెట్టమంటారు? ఏ అంకె అయినా సరేనట.

“పదివేలు కొట్టు,” అన్నాడు భర్త క్షణమైనా ఆలోచించకుండా. “ఎవురికి తెలుస్తాది? సున్నా నుంచి మొదలుపెడితే ముందు వచ్చినోడు దయ్యాలకొంపలో అడుగుపెట్టినట్ల అనుకోడా?”

“సున్నానే,” అంది పద్మప్రియ, మరొక మాటకు తావివ్వకుండా.

అలా సున్నాతో ప్రారంభమైన ఆ అంకె, ఆశ్చర్యం, మరునాటికే పదులు దాటింది. ఆ వారంలోనే వందల్లోకి ఎగబాకింది. కేశవులు ముఖం బంగారు పళ్ళెంలా వెలిగింది. అంగడి ముందు నుంచి పోయే ప్రతివాణ్ణీ ఆపి, “మా బండలను చూసేదానికి జనం విరగబడతాండారప్పా, కంప్యూటర్లో,” అని చెప్పసాగాడు. పద్మప్రియ కూడా ఆనందించింది. కానీ ఆ ఆనందంలో ఎక్కడో ఒక చిన్న రాయి నలిగినట్టుండేది. ఇందరు చూస్తుంటే ఒక్క ఫోనైనా రాదేమి?

ఆ రాయి ఒక మిట్టమధ్యాహ్నం బయటపడింది. భోజనానంతరం కేశవులు చెంబెడు మజ్జిగ పట్టుకుని కంప్యూటరు ముందు కొలువు తీరాడు. ఇప్పుడీ అంకె ఆయనకు టీవీ సీరియల్ కంటే ప్రీతిపాత్రమైంది. పక్కన కొడుకూ కోడలూ ఉన్నారు. ఆ సమయాన ధూళివైరి రాజ్యలక్ష్మమ్మ తడిగుడ్డ ధరించి రంగప్రవేశం చేసి, బల్ల తుడిచి, తెర తుడిచి, కీబోర్డు మీద పడింది. బండల ధూళి మీటల సందుల్లో చేరి కోటలు కట్టుకుని ఉంది. ఆమె గుడ్డను వేలికి చుట్టి పై వరుసను పట్టుదలగా రుద్దసాగింది.

తెర రెపరెపలాడింది. అడుగునున్న అంకె ఒక్కసారిగా దూకింది. మళ్ళీ దూకింది. గుర్రమెక్కినట్టు పరుగందుకుంది.

“చూడు! చూడు రాఘవా! తోసుకొస్తాండారు!” అని కేశవులు కుర్చీలోంచి లేచిన వేగానికి చేతిలోని చెంబు ఒరిగి, మజ్జిగ క్షీరసాగరంలా నేల మీద పరుచుకుంది. “ఊరూరోళ్ళు ఒకేసారి వస్తాండారేమి! ఏమి గిరాకీ నాయనా ఇది!”

రాజ్యలక్ష్మమ్మ మజ్జిగ చూసి గుడ్డ తీసింది. అంకె ఠక్కున ఆగిపోయింది. పద్మప్రియ గుడ్డను చూసింది, అత్తగారి వేలు ఇంతవరకూ రుద్దిన మీటను చూసింది. ఆ మీట నొక్కినప్పుడల్లా పేజీ కొత్తగా తెరుచుకుంటుంది. పేజీ తెరుచుకున్నప్పుడల్లా, తెరిచింది ఎవరని అడగకుండా, పెట్టె ఒకటి కలుపుకుంటుంది. వీరనారి మామగారి వైపు తిరిగింది.

“మామా... అది జనం కాదు. అత్త గుడ్డ.”

రాఘవేంద్రప్రసాద్ నెమ్మదిగా తలుపు వైపు జరగడం అందరికీ కనబడింది.

“ఏమండీ, ఇటు చూడండి. మీరూ నొక్కినారా?”

“కొంచెం... టీవీలో క్రికెట్ చూస్తా ఒక చేత్తో నొక్కినా,” అన్నాడు ఆ సత్స్వభావుడు నేల చూపులు చూస్తూ. “మొదట్లో ఎవురూ రాలేదు. నీ మొగం చూసి ఉండబట్టలేకపోతి.”

కేశవులు కోపించలేదు. కోపిస్తే బాగుండునని అందరికీ అనిపించింది. ఆయన మజ్జిగ దాటుకుని మెల్లగా నడుస్తూ, “మా ఇంటామె గుడ్డకు ఎన్ని కండ్లు ఉండాయో చూడు,” అన్నాడంతే. ఆ రోజు అంగడి ముందు నుంచి పోయేవాళ్ళను ఆయన పలకరించలేదు.

ప్రథమాస్త్రం అలా భగ్నమైంది. పద్మప్రియ ఆ అంకెల పెట్టెను ఊడబెరికి రెండో అస్త్రం వెతికింది. వెబ్‌సైటును తమ దగ్గర ఉంచుకునే కంపెనీవాళ్ళ లెక్క ఒకటి ఉంటుంది. తలుపు తట్టిన ప్రతిదాన్నీ అది రాసుకుంటుంది, దాన్ని గుడ్డతో ఏమార్చడం కుదరదు. మరునాటి ఉదయం ఆమె దాన్ని తెరిచి చూసేసరికి దిగ్భ్రమ కలిగింది. అక్కడున్నది వందలు కాదు. వేలకు వేలు. జ్ఞానేశ్వర్ కట్టిన టై దానంతటదే ఊడిపోయేంత అంకె.

కానీ చదువుకున్న కళ్ళు కాబట్టి, సంతోషించే ముందు కిందికి కూడా చదివాయి. మనిషి ఒకసారి పేజీ తెరిస్తే దాంట్లో ఉన్న ప్రతి ఫొటోనూ ఆ లెక్క ఒక రాకగా వేసుకుంటోంది. పచ్చబండ ఒకటి, నల్లబండ ఒకటి, గేటు ముందు మామగారు నిలబడ్డ ఫొటో ఒకటి. ఆమె ఎన్ని బండలకు ముద్దుగా ఫొటోలు తీసిందో ఆ బండలన్నీ అతిథులై కూర్చున్నాయి. అది చాలదన్నట్టు, లోకంలోని వెబ్‌సైట్లన్నింటినీ తిరిగి చూసే యంత్రాలు కొన్ని ఉంటాయి; వాటి రాకపోకలు కూడా అందులోనే.

అప్పుడే ఫోను మోగింది. ఓబుళేశు. ఆయన మాటల వెనుక మిషన్లు హోరుమంటున్నాయి.

“అమ్మయ్యా, బాగుండావా? మీ మామ టైల్స్ పెడతాండాడని ఈడ అందరూ అనుకుంటాండారు. నిజమేనా?”

“ఇంకా ఏమీ తేలలేదు నాయనా.”

“పెడితే పెట్టనీలే. ఆయన వ్యాపారం ఆయన ఇష్టం. నా గురించి నువ్వు ఆ ఇంట్లో ఒక్క మాట అనొద్దు. వినపడతాండాదా? మిషన్లు రెండు ఆపుకుంటే ఆపుకుంటా. నువ్వు మాటపడగూడదు.”

ఫోను పెట్టేసి ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది. ఎదుట ఆ వేల అంకె వెలుగుతోంది. అది ఆమె వేసిన అంకె కాదు, ఎవరూ మీట నొక్కిందీ కాదు, కంపెనీవాళ్ళే ఇచ్చారు. ఒక్క మాట మాట్లాడకుండా మామగారికి అది చూపిస్తే చాలు. తండ్రి మిషన్లు తిరుగుతాయి, టైల్స్ వెనక్కి మళ్ళుతాయి, సంగ్రామం ముగుస్తుంది. మహావీరుల ధైర్యం ఎక్కడ తెలుస్తుందంటే, గెలుపు అలా చేతికందిన చోటే తెలుస్తుంది.

కేశవులు లోపలికి వచ్చి తెర చూశాడు. ఆయన ముఖంలో నిన్నటి వెలుగు మెల్లగా తిరిగి రాబోతోంది. “ఇదేమమ్మా? ఇంతమందా?”

ఆ వెలుగును చేతులారా ఆర్పడం పద్మప్రియకు ఎంత కష్టమైందో ఏ కావ్యమూ చెప్పలేదు.

“మనుషులు కాదు మామా. ఒక మనిషి వస్తే మన ఫొటోలన్నీ కలిపి ముప్పై నలభై అని వేస్తాండాది. ఇంకా సగం యంత్రాలు. అవి అన్ని వెబ్‌సైట్లలోకీ తల దూర్చి చూసిపోతాయి.”

“కొనేదానికి రావా అవి?”

“రావు మామా.”

“అంగట్లోకి ఆవు తల దూరిస్తే గిరాకీ అంటామా!” అన్నాడు కేశవులు.

“ఆవైతే పేడన్నా వేస్తాది,” అంది గుమ్మంలోంచి రాజ్యలక్ష్మమ్మ.

కేశవులుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కోడలి పక్కనున్న రెండో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నిన్నటి వరకూ అటు పక్షం, ఇటు పక్షం అయినవాళ్ళు ఆ క్షణం నుంచి ఒకే పక్షమైపోయారు, యుద్ధశాస్త్రంలో ఎక్కడా లేని విధంగా.

“ఇంక వేరే దోవ లేదామ్మా?”

“ఉండాది మామా. కానీ అంకె శానా చిన్నగా వస్తాది,” అని ఆమె మూడో అస్త్రాన్ని వివరించింది. పేజీలో అతికించే చిన్న కోడు అది. చూడవచ్చినవాడి కంప్యూటరులో ఒక గుర్తు వదులుతుంది. అదే కంప్యూటరు ఎన్నిసార్లు తిరిగి వచ్చినా, గుర్తుపట్టి, రెండోసారి కొత్త మనిషని లెక్కించదు. ఫొటోలను లెక్కించదు, యంత్రాలను చాలావరకు వదిలేస్తుంది. పైగా ఏ ఊరు, ఏ బండ చూశారు, ఎంతసేపు చూశారు అన్నది చెప్తుంది. తమ ఇంటి కంప్యూటరును కూడా లెక్కలోంచి తీసేయవచ్చు.

రాఘవేంద్రప్రసాద్ ఆవేశపూరిత హృదయుడై ఈ అస్త్రాన్ని ప్రతిఘటించాడు: “నష్టం కదా నాయనా! ఇంటర్నెట్ సెంటర్లో ఒకే కంప్యూటరు ముందర దినమంతా పది మంది మారి కూర్చుంటే, ఇది ఒకడే అంటాదంట. వచ్చినోళ్ళను రాలేదంటే ఎట్ల? మన కడుపు మనమే కొట్టుకునేదా?”

అది న్యాయమైన మాటే. అత్తగారు కూడా తలూపింది. చర్చ చాలాసేపు నడిచింది. ఎక్కువ చూపించే అస్త్రం మేలా, తక్కువ చూపించే అస్త్రం మేలా? ధర్మసూక్ష్మం ఎటూ తేలలేదు. చివరకు కేశవులు అరచేయి బల్ల మీద చరిచి తీర్పు పలికాడు:

“రేయ్ రాఘవా, విను! ఇంకొకరికి తూచేటప్పుడు సరిగ్గా తూచల్ల. మనకు మనమే తూచుకునేటప్పుడు తక్కువ చూపే తక్కెడ మేలు. ఎక్కువ చూపే తక్కెడను నమ్మినోడు ఇల్లు గుల్ల చేసుకుంటాడు. అమ్మా పద్మా, ఆ మూడోదే పెట్టు. నాకు వేలూ లక్షలూ వద్దు. మనకు చుట్టం గానోడు, మనం పిలవనోడు, మనం మీట నొక్కి తెచ్చుకోనోడు, నిజం మనిషి ఒక్కడు మన బండ చూసినాడని చూపించు. ఒక్కడు! అదే నాకు చాలు.”

అస్త్రం ప్రయోగించబడింది. ఫలితం సున్నా.

మరునాడూ సున్నా. ఆ మరునాడూ సున్నా. ఆ సున్నా తెర నడుమ నున్నగా, గుండ్రంగా, ఏ చింతా లేని దోసకాయలా కూర్చుని ఉండేది. ప్రతి ఉదయం కేశవులు దేవుడి గదిలోంచి వస్తూ, “ఎవురన్నా వచ్చినారామ్మా?” అని అడిగేవాడు. “ఇంకా లేదు మామా,” అనేది కోడలు. ఆమె అన్నం సరిగ్గా తినడం లేదని రాజ్యలక్ష్మమ్మ కనిపెట్టి, ఒకనాడు పక్కన కూర్చుని, “వాకిట్లో ముగ్గు లేకుంటే ఎవురొస్తారే? నీ వెబ్‌సైటుకు ముగ్గెయ్యి,” అంది. ఆ సలహాలో ఏ శాస్త్రమూ లేదు. అయినా పద్మప్రియ అత్తగారి చేత కాగితం మీద చుక్కల ముగ్గు వేయించుకుని, దాన్ని పేజీ చుట్టూ అంచులా తీర్చింది. నల్లబండల పక్కన తెల్లటి ముగ్గు ఎంతో బాగుంది. చూడవచ్చినవాళ్ళు మాత్రం లేరు.

ఉగాది రేపనగా, తెల్లవారి కాఫీ తాగే వేళ పద్మప్రియ తెర తెరిచింది. దోసకాయ లేదు. దాని స్థానంలో మూడు ఉంది.

“మామా!” అన్న ఆమె కేకకు వంటింట్లోంచి అత్తగారు గరిటెతో సహా వచ్చింది. కేశవులు అంగవస్త్రం సర్దుకుంటూ పరుగున వచ్చాడు. మూడు! త్రిమూర్తులు, త్రిలోకాలు, త్రివిక్రముడు! కానీ ఈసారి ఆ వ్యాపార ధురంధరుడు అంకెకు పరవశించలేదు. కొడుకు వైపు తిరిగి, న్యాయాధిపతిలా చూశాడు.

“రాఘవా. దీంట్లో నువ్వెంత?”

రాఘవేంద్రప్రసాద్ కాఫీ మింగాడు. “రెండు.”

“ఎట్లరా?”

“ఇంట్లో కంప్యూటరు లెక్కకు రాదంటిరి కదా. నిన్న బస్టాండు కాడ ఇంటర్నెట్ సెంటర్లో ఒకసారి చూసినా. ఆడనుంచి బయటకొచ్చి ఇంకో సెంటర్లో ఒకసారి. మూడోది నాది కాదు నాయనా. నీ మీద ఒట్టు.”

“ఒట్లు వద్దు. ఆ మూడోది ఏ ఊరమ్మా?”

పద్మప్రియ ఆ అంకె మీద నొక్కి చూసింది. “బెంగుళూరు అంటాండాది మామా.”

“బెంగుళూరా?” అంది రాజ్యలక్ష్మమ్మ. “మా చిన్నాయన కొడుకు నరసింహ ఉండేది ఆ ఊర్లోనే కదా!”

అందరి ముఖాలూ ఒక్కసారి వాడిపోయాయి. చుట్టమైతే లెక్కకు రాడు; నిబంధన నిబంధనే. కేశవులు అప్పటికప్పుడు నరసింహకు ఫోను కలిపాడు. ఆ సంభాషణను కుటుంబమంతా ఊపిరి బిగబట్టి విన్నది.

“ఏమప్పా నరసింహా, బాగుండావా? నువ్వు గానీ మా వెబ్‌సైటు చూసినావా?”

అవతల నరసింహ ఆశ్చర్యపోయాడు. “మీకు వెబ్‌సైటు ఉండాదా బావా? నాకు ఎవురూ చెప్పనే లేదే!”

“శానా సంతోషమప్పా,” అన్నాడు కేశవులు నిండు హృదయంతో, “శానా శానా సంతోషం,” అని, ఆ బంధువు ఏమిటని అడిగేలోగా ఫోను పెట్టేశాడు.

ఇక సందేహం లేదు. ఆ మూడోవాడు చుట్టం కాదు, కొడుకు కాదు, యంత్రం కాదు, గుడ్డ కాదు. పద్మప్రియ తెర మీద వివరాలు చదివింది. ఆ మనిషి పచ్చబండలు చూసి, బూడిద రంగు బండలు చూసి, నల్లబండ పేజీలో ఆగాడు. పావుగంటకు పైగా ఆగాడు.

“పావుగంటా?” కేశవులు తెర మీదికి వంగాడు. “మన నల్లబండనా?”

“అవును మామా.”

“మన గురించి ఆయప్పకు ఎవురు చెప్పినారు?”

“ఎవురూ చెప్పలేదు. బండలు యాడ దొరుకుతాయని ఇంటర్నెట్టులో వెతుక్కుంటా వచ్చినాడు, అది గూడా ఈడ రాసుండాది.”

కేశవులు తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊరూ పేరూ తెలియని ఆ మహాపురుషుడు, కొండలూ కోనలూ దాటి, ఎక్కడో కుర్చీలో కూర్చుని, ఈ బండను అంతసేపు చూశాడు. ఏమనుకుని చూశాడో. ఎవరి ఇంటి కోసం చూశాడో. ఆయన నిట్టూర్చి అన్నాడు:

“అంతసేపు ఉన్నాడు. మంచినీళ్ళన్నా ఇయ్యలేకపోతిమే.”

పద్మప్రియ కళ్ళు తుడుచుకుంది. అత్తగారు ఆమె వీపు మీద చేయి వేసి, గరిటె చేతిలో ఉన్న సంగతి మరిచి, జాకెట్టుకు ఉప్మా అంటించింది.

ఆనాడే, ఎండ ముదిరే వేళకు, జ్ఞానేశ్వర్ రాయబారానికి జవాబు కోరుతూ విచ్చేశాడు. డీలర్‌షిప్ కాగితాలు కూడా వెంట తెచ్చాడు. కేశవులు అతనికి కుర్చీ వేయించి, టీ తెప్పించి, తాను బండల ముందు సుప్రతిష్ఠితుడై కూర్చున్నాడు.

“అయితే మీ వెబ్‌సైటును ఎంతమంది చూసినారు శెట్టిగారూ?”

“ఒకటి.”

“లక్షనా?” అన్నాడు జ్ఞానేశ్వర్, కాస్త అదిరిపడి.

“లక్ష యాడిదప్పా. ఒకరు.”

“వెయ్యిలో చెప్తాండారా?”

“మనిషిలో చెప్తాండా. ఒక్క మనిషి. బెంగుళూరాయన.”

జ్ఞానేశ్వర్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఎగతాళి చేద్దామా వద్దా అని తేల్చుకోలేక టై సర్దుకున్నాడు. “శెట్టిగారూ, పెద్దోళ్ళు మీరు, ఏమనుకోవద్దండి. ఒక్క మనిషి ఊరికే చూసి పోయినాడని ఇంత మంచి డీలర్‌షిప్ వదులుకుంటారా ఎవురన్నా?”

అప్పుడు కేశవులు శెట్టి లేచి నిలబడ్డాడు. వెనుక నల్లబండలు చతురంగ బలాల్లా బారులు తీరి ఉన్నాయి. గుమ్మంలో కొడుకు, కోడలు, ఇల్లాలు నిలబడి ఉన్నారు. ఆయన కంఠం రోడ్డు మీది లారీల హోరును మించి మోగింది:

“నేను ఈడ అంగడి తెరిచిన దినం, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వచ్చింది ఒకే ఒక్కడప్పా! వాడు గూడా ఆలూరు బస్సు యాడ ఆగుతాదని అడిగేదానికి వచ్చినాడు. దాని మీద ముప్పై ఏండ్లు నడిపితి. ఈయన బండ చూసేదానికే వచ్చినాడు! వచ్చే ఏడు ఉగాది దాకా ఈడ బండలే. నువ్వు టీ తాగు.”

జ్ఞానేశ్వర్ టీ తాగాడు. కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. లేచి వెళ్ళబోతూ, కాళ్ళకు చల్లగా తగిలిందేమో, నేల వైపు ఒకసారి చూసి, ఎండలోకి నడిచాడు.

పద్మప్రియ బేతంచెర్లకు ఫోను చేసింది. మిషన్ల హోరులో తండ్రికి మాట సగమే వినబడింది.

“ఎంతమంది చూసినారమ్మా?”

“ఒకరు నాయనా!”

“ఎంత?”

“ఒకరు!”

“ఓహో,” అన్నాడు ఓబుళేశు, అది ఎంత పెద్ద సంగతో అర్థం కాకపోయినా, కూతురి గొంతులోని సంతోషం అర్థమై. “అట్లయితే మిషన్లు ఆపనులే.”

ఈ విధంగా, పార్థివ నామ సంవత్సరపు చిట్టచివరి దినాన, కర్నూలు పురవరాన, బండలంగడి వారి సందర్శక సంఖ్యా సంగ్రామం సమాప్తమైంది. అబద్ధపు వందలు నేలకూలాయి, అక్కరకు రాని వేలు పలాయనం చిత్తగించాయి. నిఖార్సైన, నిరుపమానమైన, నిస్సందేహమైన ఒకటి సింహాసనం అధిష్ఠించింది. దిగ్దిగంతాల వారందరూ తెలుసుకొందురు గాక: ఒక మనిషి చూశాడు!